జిప్సీ: ఇంజిన్ పని చేయించాలా, వేరే ఇంజిన్ ఎక్కించాలా?

ఘాటీ_జిప్సీ · సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ నాకు. ఈసారి నలుగురూ తలో మాట చెబితే గానీ తెమిలేలా లేదు.

బండి 1998 మారుతి జిప్సీ కింగ్. కార్బురేటర్ ఇంజిన్, 1298 సీసీ, ఓఆర్-10 నంబరు, కాగితాలన్నీ నా పేరు మీదే ఉన్నాయి. సెమిలిగుడలో షాపు ఉంది, సరుకు కోసం సాలూరు, విజయనగరం దిగి వస్తుంటాను. దిగేటప్పుడు ఏ గొడవా లేదు, ఎక్కేటప్పుడే ఏడుపు. సుంకి దాటిన దగ్గర్నుంచి థర్డ్‌లో లాగదు, సెకండ్‌లో వేస్తే ఇంజిన్ అరుస్తుంది, పొట్టంగి వచ్చేదాకా వెనకాల హారన్లు. లోడు లారీవాడు ఓవర్‌టేక్ చేసి పోతుంటే పక్కన కూర్చున్న మా ఆవిడ ఏమీ అనదు, ఆ ఏమీ అనకపోవడమే నాకు పెద్ద టెన్షన్.

మూడు దారులు చెబుతున్నారు. మా మెకానిక్ "ఇంజిన్ బోరుకొచ్చింది, సిలిండర్లు అరిగిపోయాయి, దించి ఫుల్ పని చేసేద్దాం, కొత్తదానికంటే బాగా లాగుతుంది" అంటున్నాడు. వైజాగ్‌లో ఉన్న మా బావ అయితే జిమ్నీలో వచ్చే 1.5 లీటర్ కె15బి ఇంజిన్ ఎక్కించెయ్ అని రోజూ వీడియోలు పంపిస్తున్నాడు. ఇక మూడోది, విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన దగ్గర 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్షన్) జిప్సీ ఇంజిన్ ఉందట, వైరింగు, ఈసీఎమ్ (ఇంజిన్ కంప్యూటర్) అన్నీ కలిపి ఇస్తానంటున్నాడు. లక్ష దాటితే ఇంట్లో ఒప్పుకోరు, ముందే చెబుతున్నా. ఏం చేస్తే కొండ మీద పవర్ వస్తుంది?

సాలూరు_లారీ · సాలూరు

తమ్ముడూ, ముందు ఇంజిన్ మాట పక్కన పెట్టు. టైర్లు ఏవి ఉన్నాయి, కంపెనీ సైజేనా, ఫొటోల కోసం పెద్దవి వేశావా? పైన క్యారియర్ ఉందా? పొగ ఏ రంగు, పొద్దున స్టార్ట్ చేసినప్పుడా, లోడు మీదా? ఆయిల్ ఎంత తాగుతోంది? ట్యాపెట్లు, అదే వాల్వుల సందు, ఎప్పుడు పెట్టించావు? ఫ్లాట్ రోడ్డు మీద ఫోర్త్‌లో పోతూ ఒక్కసారి గట్టిగా తొక్కు, ఇంజిన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారుడు, ఇంజిన్‌కి సంబంధం లేదు. జాకీ ఎత్తి చక్రాలు చేత్తో తిప్పి చూడు, బ్రేకు పట్టేసి ఉన్నా బండి కొండ ఎక్కదు.

పికప్ లేదనగానే బోర్ కొట్టించమనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. లారీల ఊరు మాది, ఇంజిన్ దింపడం చాలామందికి వచ్చు, దింపకుండా రోగం చెప్పేవాళ్లే తక్కువ.

జయపురం_మాడ్స్ · జయపురం

బ్రో మీ బావగారికి నా ఓటు. కె15బి అంటే 1462 సీసీ, నూటమూడు హార్స్‌పవర్, మీ కార్బురేటర్ జిప్సీది అరవై. జిప్సీ బరువు టన్నుకి అటూ ఇటూ, దానికి నూటమూడు పెడితే ఏమవుతుందో ఒకసారి ఊహించుకోండి. దేవమాలి కొండ మీదకి థర్డ్‌లో పోవచ్చు. పాత ఇంజిన్‌కి ఎంత పెట్టినా అది అరవయ్యే, ఇరవై ఏడేళ్ల కిందటి టెక్నాలజీ. యాక్సిడెంట్ అయిన ఎర్టిగా, సియాజ్ ఇంజిన్లు దొరుకుతున్నాయి. పాతదానికి డబ్బు తగలేయకండి.

బరంపురం_లేత్ · బరంపురం, గంజాం జిల్లా

మెషిన్ షాపు మాది, బోరింగు, క్రాంక్ గ్రైండింగు, హెడ్ ఫేసింగు రోజూ చేసే పని. కాబట్టి బోర్ చేయించమంటే నాకే లాభం, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఇంజిన్ పని వల్ల పవర్ పెరగదు. పోయిన పవర్ తిరిగి వస్తుంది, అంతే. జిప్సీ బోర్, అంటే సిలిండర్ వెడల్పు, 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5. అర మిల్లీమీటర్ ఓవర్ సైజు పిస్టన్ వేశారనుకోండి, 1298 సీసీ కాస్తా 1316 అవుతుంది. పద్దెనిమిది సీసీ. నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు. "బోర్ చేయిస్తే కొత్తదానికంటే బాగా లాగుతుంది" అనే మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, అరిగిపోయిన ఇంజిన్‌ని అయిదారేళ్లు అలాగే తోలి, పని చేయించిన రోజున ఎక్కేసరికి మనిషికి అలా అనిపిస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా లాగిందో ఎవరికీ గుర్తుండదు కదా.

అయితే అరిగిన ఇంజిన్ ఎంత పవర్ తినేస్తుందో కూడా తక్కువ అంచనా వేయకండి. రింగుల దగ్గర గ్యాస్ కిందకి జారిపోతుంది, వాల్వులు సరిగా కూర్చోక కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుడు ఒత్తిడి) పోతుంది, టైమింగ్ బెల్ట్ ఒక్క పన్ను అటూ ఇటూ అయినా పికప్ చచ్చిపోతుంది, డిస్ట్రిబ్యూటర్‌లో వాక్యూమ్ డయాఫ్రం చిరిగితే అడ్వాన్స్ (స్పార్క్ ముందుగా పడడం) రాదు. ఇవన్నీ కలిస్తే అరవైలో నలభయ్యే మిగులుతుంది. అప్పుడు సరిగ్గా చేసిన పని వల్ల దొరికే ఇరవై, మీరు ఇంజిన్ మారిస్తే దొరికే ఇరవై, రెండూ ఒకటే లెక్క, ఆర్సీ మాత్రం ఎవరూ ముట్టుకోరు.

ముందు కంప్రెషన్ కొలిపించండి. అంకెలు ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా అది ఊహే, నాదీ అంతే.

సిరొంచ_జీపు · సిరొంచ, గడ్చిరోలి జిల్లా

అన్నా, ఇంజిన్ మార్చిన బండి రోజూ తోలుతున్నవాణ్ని, అందుకని రాస్తున్నా. మాది మహీంద్రా ఎంఎం 540, పాత ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజిన్, 2112 సీసీ. దాని స్థానంలో 2523 సీసీ టర్బో డీఐ ఎక్కించినం, బొలెరోలో వచ్చేది. ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకునే చేసినం, అది వేరే కథ.

హార్స్‌పవర్ కాగితం మీద చూస్తే రెండూ అరవై చిల్లరే. కానీ తోలితే రెండు వేరే బండ్లు. డీఐ కింద ఆర్‌పీఎమ్‌లోనే లాగుతది, ట్రాలీ తగిలించినా సెకండ్‌లో నిమ్మళంగా పోతది. కాబట్టి మీరు హార్స్‌పవర్ అంకె చూసి మోసపోకండి, టార్క్ (తిప్పే బలం) ఎంత, ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర వస్తున్నది అనేదే అడగండి. జయపురం తమ్ముడు నూటమూడు అని ఊరిస్తున్నాడు గానీ ఆ నూటమూడు ఎక్కడో పైన ఆరు వేల దగ్గర ఉంటది. ఘాట్‌లో మీరు రెండున్నర, మూడు వేల మధ్య తిరుగుతుంటారు.

ఇక ఇంజిన్ మార్చడం గురించి. ఇంజిన్ కొన్న ధర మొదటి ఖర్చు, అంతే. తర్వాత మౌంట్లు కొత్తగా వెల్డింగు, అవి సరిగా కుదరకపోతే బండి మొత్తం వణుకుడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతది, దాన్ని కోసి బ్యాలెన్సు చేయించాలె. గేర్ లివర్ బాడీలో ఎక్కడికొస్తదో ఎవరికీ ముందే తెల్వదు. రేడియేటర్ సరిపోదు. మా దగ్గర మే నెలలో ఎండ 45 దాటుతది, మొదటి ఎండాకాలం మొత్తం వేడెక్కుడుతోనే పోయింది, పని చేసినాయన రేడియేటర్ మార్చనక్కర్లేదని చెప్పి చేతులు దులుపుకున్నడు. తర్వాత వేరే దగ్గర రేడియేటర్‌కి పెద్ద కోరు, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ తొడుగు) వేయించినం, అప్పుడు కుదిరింది. బరువు పెరిగింది కాబట్టి ముందు స్ప్రింగు పట్టాలు కుంగినయి, వాటికి ఒక ఆకు ఎక్కువేసినం. బ్రేకులు అప్పటిదాకా చాలేవి, ఇప్పుడు చాలడం లేదు.

నాకు ఇంజిన్ మార్చుడు నచ్చింది, మళ్లీ అడిగినా మారుస్తా. కానీ రెండో బండి ఇంట్లో ఉండాలె. మీకు షాపుకి సరుకు తెచ్చే బండి ఇదొక్కటే అయితే ఆలోచించండి, నెలల తరబడి షెడ్డులో ఉంటది.

ఆర్సీ_చూపించు · చంద్రపూర్

ఆర్టీఓ కాగితాల పని మాది, అందుకే ఇంజిన్ గురించి నాకు అడగొద్దు. చట్టం మాత్రం చెబుతా.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా యజమాని మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి సెక్షన్ 182ఎ చేర్చారు, అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జైలుకి పంపిన కేసు నేను చూడలేదు, జరిమానా చూశాను.

అదే తయారీ, అదే రకం ఇంజిన్ వేసుకుంటే దారి ఉంది. ముందే రిజిస్ట్రేషన్ అధికారికి అర్జీ పెట్టి, ఇంజిన్ కొన్న బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ బండి కాగితాలు, అన్నీ చూపించి కొత్త ఇంజిన్ నంబర్ ఆర్సీలో ఎక్కించుకోవాలి. జిప్సీలో కె15బి అంటే అదే కంపెనీ కావచ్చు, అదే రకం మాత్రం కాదు. కిందకి వంగి చూసే ఇన్‌స్పెక్టర్ ఎవరైనా ఒప్పుకోడు.

మీకు అసలు చిక్కు రోడ్డు మీద పోలీసు కాదండీ, ఆర్సీ రెన్యువల్. 1998 బండి అంటే పదిహేనేళ్లకి 2013లో ఒకసారి, తర్వాత అయిదేళ్లకోసారి 2018, 2023, మళ్లీ 2028. ప్రతిసారీ ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ చూస్తారు. ఇరవై ఏళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు కూడా 2025లో పదివేలు చేశారు. 2028లో పదివేలు కట్టి, నంబర్ కలవక బండి వెనక్కి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకుండా మార్చితే క్లెయిమ్ దగ్గర కూడా అదే ఏడుపు.

జయపురం_మాడ్స్

సార్, రోడ్ల మీద తిరిగే మోడిఫైడ్ జిప్సీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా. ఎవరినైనా ఆపుతున్నారా? చట్టాలు చూసుకుంటూ కూర్చుంటే ఒక హారన్ కూడా మార్చలేం.

ఆర్సీ_చూపించు

ఆపడం లేదు, నిజమే. ఢీకొట్టిన రోజున ఆపుతారు. అవతలి మనిషికి దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ కేసులో ముందు అడిగేది ఆర్సీనే.

ఘాటీ_జిప్సీ

అందరికీ థాంక్స్. లారీ బాబాయ్ గారూ, దొరికిపోయాను. టైర్లు 235/75 ఆర్15, ముందు యజమాని వేయించినవే, చూడడానికి బాగున్నాయని ఉంచేశాను. క్యారియర్ ఉంది, దాని మీద స్టెప్నీ కూడా ఉంది. పొగ నీలం రంగు కొంచెం, పొద్దున మాత్రమే. ఆయిల్ పెద్దగా తాగడం లేదు. ట్యాపెట్లు ఎప్పుడు పెట్టారో నాకు తెలియదు. క్లచ్ జారడం లేదు, చూశాను. బ్రేకులు ఫ్రీగానే ఉన్నాయి.

కంప్రెషన్ మా మెకానిక్ చేత కొలిపించాను. ఒకటి 122, రెండు 125, మూడు 88, నాలుగు 120 పీఎస్ఐ. "చూశావా, అన్నీ పోయాయి" అంటున్నాడు. ఆయన మాటే నిజమేమో.

బరంపురం_లేత్

ఆగండి ఆగండి. రెండు ప్రశ్నలు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కొలిచారా? గేజి పెట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచారా? తొక్కకపోతే థ్రాటిల్ మూసుకుని గాలి లోపలికి రాదు, మంచి ఇంజిన్ కూడా 120 చూపిస్తుంది. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, బ్యాటరీ ఫుల్ ఛార్జి ఉండాలి, ఒక్కో సిలిండర్‌కి అయిదారు దెబ్బలు పడనివ్వాలి.

ఇంకోటి, ఇది చాలామంది మెకానిక్కులు లెక్కలోకి తీసుకోరు. పుస్తకంలో రాసిన అంకెలు సముద్ర మట్టం దగ్గరవి. ఈ ఇంజిన్ బాగుంటే 190 నుంచి 200 మధ్య రావాలి, 170 కంటే దిగితే అరిగినట్టు. కానీ సెమిలిగుడ దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనమే పది శాతం తక్కువ, కాబట్టి గేజి కూడా పది శాతం తక్కువ చూపిస్తుంది. మీ ఊళ్లో 155 వస్తే బరంపురంలో 170 వచ్చినట్టే లెక్క. ఇంజిన్ పవర్‌ది కూడా ఇదే కథ, టర్బో లేని ఇంజిన్ ఏదైనా సరే. మీ అరవైలో ఆరు కొండకే కప్పం కట్టేస్తున్నారు, ఎవరూ ఏమీ చేయలేరు.

మళ్లీ కొలిపించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి ఇంకోసారి కొలవండి. ఆయిల్ పోస్తే అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. లేదా హెడ్ గాస్కెట్, కానీ గాస్కెట్ పోతే మామూలుగా పక్కపక్క రెండు సిలిండర్లు పడిపోతాయి.

సాలూరు_లారీ

టైర్ల సంగతి నేను చెబుతాను. కంపెనీ ఇచ్చినది 205/70 ఆర్15, దాని ఎత్తు 668 మిల్లీమీటర్లు. నువ్వు వేసినది 734. పది శాతం పెద్దది. అంటే నీ గేర్లన్నీ పది శాతం పొడుగైపోయాయి, థర్డ్ అనేది ఇప్పుడు థర్డ్‌కీ ఫోర్త్‌కీ మధ్యలో ఎక్కడో ఉంది. పైగా టైరే బరువు, దాన్ని తిప్పడానికే ఇంజిన్‌కి సగం ఊపిరి. స్పీడోమీటర్ 60 చూపిస్తే నువ్వు 66లో పోతున్నట్టు, మైలేజీ కూడా తప్పు లెక్క వస్తుంది.

కొండ తీసుకున్న పది శాతం, టైరు తీసుకున్న పది శాతం. మూడో సిలిండర్ సరిగా కొట్టడం లేదు. అందులో క్యారియరు, దాని మీద స్టెప్నీ, నలుగురు మనుషులు, వెనక బియ్యం బస్తాలు. ఇన్ని మోసుకుని ఇంకా పొట్టంగి దాకా వస్తోందంటే ఆ ఇంజిన్‌కి దండం పెట్టాలి తమ్ముడూ.

గుణుపురం_టీచర్ · గుణుపురం, రాయగడ జిల్లా

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కార్బురేటర్ మారుతి 800, ఇంకా తోలుతున్నాను. ఇక్కడ ఎవరూ కార్బురేటర్ మాట ఎత్తలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండ్ల రబ్బరు భాగాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మా దాంట్లో యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రం ఉబ్బిపోయింది, తొక్కగానే ఒక క్షణం బండి ఆగినట్టయి తర్వాత పోయేది. కిట్ మార్పించి, పెట్రోలు పైపులు కొత్తవి వేయిస్తే సర్దుకుంది. ఘాటీ జిప్సీ గారూ, మీ బండి తొక్కగానే తడబడుతోందా?

సాలూరు_లారీ

బాగా గుర్తు చేశావమ్మా. పెట్రోలు ఫిల్టరు కూడా. ఇథనాల్ పాత ట్యాంకులో అడుగున ఉన్న మురికినంతా కడిగి తెచ్చి ఫిల్టర్‌లో పెడుతుంది, ఫ్లాట్‌లో తెలియదు, కొండ మీద పూర్తిగా తొక్కినప్పుడు పెట్రోలు అందదు.

ఘాటీ_జిప్సీ

అవును మేడమ్, తడబాటు ఉంది. అది ఇంజిన్ అరుగుదలే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

ఈసారి నేనే దగ్గరుండి కొలిపించాను. ఇంజిన్ వేడిగా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ప్లగ్గులన్నీ తీసి. ఒకటి 158, రెండు 160, మూడు 112, నాలుగు 156. ఆయిల్ పోశాక ఒకటి 168, మూడు 115. మా మెకానిక్ గేజి వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

బరంపురం_లేత్

ఇక చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడు సిలిండర్లు మీ ఊరి ఎత్తుకి ఫర్వాలేదు, కొత్తవాటిలా లేవు గానీ బోర్ చేసే దశ రాలేదు. మూడోది వాల్వు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలి ఉంటుందని నా అంచనా. ట్యాపెట్లు ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే వాల్వు సీటులోకి దిగుతూ సందు తగ్గిపోతుంది, చివరికి పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే వాల్వు తన వేడి సీటుకి ఇవ్వగలదు, మూసుకోకపోతే అదే కాలుతుంది. పొడుగు గేర్లతో థర్డ్‌లో తొక్కిపట్టి కొండెక్కించడం దానికి తోడు. పొద్దున వచ్చే నీలం పొగ వాల్వు సీళ్లది, రాత్రంతా ఆయిల్ చుక్కచుక్కగా దిగి పొద్దున కాలుతుంది.

ఇంజిన్ దించాల్సిన పని లేదు, హెడ్ దించితే చాలు. వాల్వులు, గైడ్లు, సీళ్లు, సీట్ కటింగు, ఫేసింగు, కొత్త హెడ్ గాస్కెట్, టైమింగ్ బెల్ట్. ఫేసింగ్ ముందు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడాలి, వంపు 0.05 మిల్లీమీటర్ లోపు ఉంటే ఊరికే హెడ్ కోయించకండి. కొందరు కంప్రెషన్ పెరుగుతుందని ఎక్కువ కోసేస్తారు, ఈ పెట్రోలుకీ ఆ ఘాట్ రోడ్డుకీ నాకింగ్ వస్తుంది.

హెడ్ తీసినప్పుడు ఒక పని చేయండి. బోర్ గేజితో నాలుగు సిలిండర్లూ పైనా, మధ్యలో, కిందా కొలిపించండి. టేపర్, అంటే పైకీ కిందకీ బోరు తేడా, 0.10 మిల్లీమీటర్ దాటితే అప్పుడు బోరింగు మాట్లాడదాం. దాటకపోతే పిస్టన్లు ముట్టుకోకండి. "ఎలాగూ తీశాం కదా రింగులు వేసేద్దాం" అంటారు, అరిగిన బోరులో హోనింగ్ (లోపల సన్నగీతలు గీయడం) కూడా చేయకుండా కొత్త రింగులు వేస్తే అవి కూర్చోవు, ముందుకంటే ఎక్కువ ఆయిల్ తాగుతుంది.

జయపురం_మాడ్స్

ఇదంతా చేసినా అరవయ్యే కదా బాసూ. ఆయన అడిగింది ఎక్కువ పవర్. కె15బి వదిలేయండి సరే, విజయవాడ ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ సంగతేంటి? ఎనభై హార్స్‌పవర్, జిప్సీదే ఇంజిన్, ఆర్సీ సార్ కూడా ఒప్పుకుంటారు.

ఆర్సీ_చూపించు

అనుమతి తెచ్చుకునే అవకాశం కె15బి కంటే చాలా ఎక్కువ, ఒప్పుకుంటా. ఖాయమని మాత్రం అనను. డబ్బు ఇచ్చే ముందే ఇంజిన్ నంబర్ ఫొటో తీసుకుని కొరాపుట్ ఆర్టీఓ ఆఫీసులో చూపించండి. ఆ ఇంజిన్ ఏ బండిదో కాగితం లేకపోతే మాత్రం దాన్ని ముట్టుకోకండి, రేపు అది దొంగ బండిదని తేలితే మీరు సాక్షి కాదు, ముద్దాయి.

సిరొంచ_జీపు

తమ్ముడి మాటలో న్యాయం ఉన్నది. మార్చాలంటే మార్చాల్సింది ఆ 16 వాల్వులదే, ఒకే కుటుంబం ఇంజిన్ కాబట్టి మౌంట్లు, బెల్ హౌసింగ్ పెద్దగా సతాయించవు. గేర్‌బాక్సు ఆ పవర్ తట్టుకుంటది, ఎందుకంటే కంపెనీయే ఆ ఇంజిన్‌తో అమ్మింది. కె15బి మాట వేరు, ఎర్టిగా, సియాజ్‌లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటది, జిప్సీలో నిలువు. సంపు, ఇన్‌టేక్ అన్నీ మారాలె. పైగా దాని ఈసీఎమ్‌కి యాక్సిలరేటర్ నుంచి, తాళంచెవి ఇమ్మొబిలైజర్ నుంచి, బండిలోని మిగతా కంప్యూటర్ల నుంచి సిగ్నళ్లు కావాలె, అవి రాకపోతే అలిగి కూర్చుంటది. కొరాపుట్‌లో నడిరోడ్డు మీద అలిగితే చూసేవాడెవడు?

కానీ ఎంపీఎఫ్‌ఐ కూడా ఉత్తగనే రాదు. ట్యాంకులో హై ప్రెషర్ పంపు, రిటర్న్ లైను, కొత్త వైరింగు, ఆక్సిజన్ సెన్సారు, అన్నీ కావాలె. అసలు ముచ్చట ఏందంటే, ఆ ఇంజిన్ టార్క్ 103 ఎన్‌ఎమ్, అదీ 4500 ఆర్‌పీఎమ్ దగ్గర. మీ కార్బురేటర్ దానికంటే టార్క్‌లో పెద్ద తేడా ఏం లేదు. ఆ ఎక్కువ ఇరవై గుర్రాలు పైన ఉరికినప్పుడే బయటికొస్తయి. హైవే మీద విజయనగరం పోయేటప్పుడు సుఖం, సుంకి ఘాట్‌లో ఇప్పుడెంత అరిపిస్తున్నరో అప్పుడూ అంతే అరిపించాలె. ఇంజెక్షన్ కాబట్టి ఎత్తుకి తగ్గట్టు మిక్చర్ దానంతటదే సర్దుకుంటది, తొక్కగానే తడబాటు ఉండదు, అది మాత్రం లాభమే.

జయపురం_మాడ్స్

సరే అన్నా, ఘాట్ వరకు ఒప్పుకుంటా. కానీ హైవే మీద కూడా బండి తోలాలి కదా. ఘాటీ జిప్సీ గారూ, ఆ ఇంజిన్ మీరు తీసుకోకపోతే ఆయన నంబర్ నాకు పంపండి. మా ఫ్రెండుకి ఎంపీఎఫ్‌ఐ జిప్సీయే ఉంది, ఇంజిన్ పట్టేసింది.

సాలూరు_లారీ

అదీ సరైన బేరం. ఆ ఇంజిన్ ఆ బండికే పోవాలి.

ఘాటీ_జిప్సీ

పంపుతాను తమ్ముడూ. మా బావకి ఈ పేజీ లింకు పంపించాను, చదివి ఒక దండం బొమ్మ పెట్టాడు.

హెడ్ దించేశాం. లేత్ అన్నగారు చెప్పినట్టే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచున ఒక పక్క అర్ధచంద్రాకారంలో కాలిపోయి ఉంది, వేలు పెడితే తెలుస్తోంది. మిగతా మూడు ఎగ్జాస్ట్ వాల్వులు కూడా సీటులోకి దిగిపోయాయి. సునాబెడలో ఒక ఫిట్టర్ బోర్ గేజి తెచ్చి కొలిచి పెట్టాడు, ఎక్కువ టేపర్ రెండో సిలిండర్‌లో, 0.06. హోనింగ్ గీతలు కింది సగంలో ఇంకా కనిపిస్తున్నాయి. పిస్టన్లు ముట్టుకోవద్దని మా మెకానిక్‌కి చెప్పాను, కొంచెం అలిగాడు గానీ ఒప్పుకున్నాడు. కార్బురేటర్ కిట్, పెట్రోలు పైపులు, ఫిల్టరు కొత్తవి తెప్పించాను. క్యారియర్ తీసేశాను.

రెండు సందేహాలు. హెడ్ బరంపురం తెచ్చివ్వమంటారా, ఇక్కడే దగ్గరలో చేయించేదా? టైర్లు పాత సైజుకి పోవాలంటే నాలుగూ కొనాలి, 215/75 వేసుకుంటే ఏమైనా తేడా ఉంటుందా? మరీ చిన్నగా కనిపిస్తుందని మనసు ఒప్పడం లేదు.

సాలూరు_లారీ

215/75 అంటే 703 మిల్లీమీటర్లు, కంపెనీదానికంటే అయిదు శాతం పెద్దది. సగం సమస్య ఉంచుకుంటానంటే నీ ఇష్టం. నేనైతే 205 వేసి, మిగిలిన డబ్బుతో ముందు బ్రేకు ప్యాడ్లు, వెనక లైనర్లు మార్పిస్తాను. ఎక్కడం గురించే మాట్లాడుకుంటున్నాం, ఆ లోడుతో సుంకి దిగేది కూడా నువ్వే.

బరంపురం_లేత్

ఇంత దూరం హెడ్ మోసుకురానక్కర్లేదు. విజయనగరంలో సీట్ కటింగ్ మెషిన్ ఉన్న షాపులు ఉన్నాయి, సరుకుకి దిగినప్పుడు ఇచ్చేయండి. చేత్తో పేస్టు రుద్ది "గ్రైండింగ్ అయిపోయింది" అనేచోట ఇవ్వకండి, దిగిపోయిన సీటు పేస్టుతో పైకి రాదు. వాల్వులు తీసేటప్పుడు ఏది ఏ సిలిండర్‌దో అట్టముక్కకి కన్నాలు పెట్టి వరసగా గుచ్చి ఉంచమనండి. పని అయ్యాక వాల్వు గదుల్లో పెట్రోలు పోసి పావుగంట ఉంచండి, పోర్టుల్లోకి చెమ్మ దిగకపోతేనే డబ్బులు ఇవ్వండి. బిగించేటప్పుడు హెడ్ బోల్టులు టార్క్ రెంచితోనే, మధ్య నుంచి బయటికి. వెయ్యి కిలోమీటర్లకి ట్యాపెట్లు మళ్లీ చూపించండి, కొత్త సీట్లు సర్దుకుంటాయి.

సిరొంచ_జీపు

ఆ తీసేసిన 235 టైర్లు అమ్ముతరా అన్నా? మా జీపుకి సరిపోతయి. రేటు ఇక్కడ వద్దు, మెసేజీలో చెప్పండి.